యాత్రకు ముందే పానా పట్టాలి

సుదూర యాత్రల మోటార్‌సైకిళ్లకు ఇంటివద్దే సంరక్షణ
చట్టం, పన్ను, ఎలక్ట్రానిక్స్‌తో యజమానులకు కొత్త చిక్కులు

న్యూఢిల్లీ: మనాలీ నుంచి లేహ్‌కు వెళ్లే రహదారిలో టాండి వద్ద ఒక పెట్రోలు బంకు ఉంది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని అక్కడి బోర్డు ఏళ్ల తరబడి ప్రయాణికులను హెచ్చరిస్తూ వచ్చింది. పెట్రోలు సంగతి ఆ బోర్డు చెప్పింది. మెకానిక్ షెడ్డు ఎంత దూరంలో ఉందో చెప్పే బోర్డు మాత్రం ఎక్కడా లేదు. 16 వేల అడుగుల ఎత్తున బారాలాచా కనుమ మీద క్లచ్ వైరు తెగితే, చేతిలో మరో వైరు, దానిని బిగించే నేర్పు ఉన్నవాడే సాయంత్రానికి గుడారం చేరుకుంటాడు. లేనివాడు లారీ కోసం ఎదురుచూడవలసిందే.

ఏటా వేసవి చివరలో మంచు కరిగి కనుమలు తెరుచుకోగానే దేశం నలుమూలల నుంచి వేలాది యువకులు మోటార్‌సైకిళ్లపై లడఖ్ బాట పడుతున్నారు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా పోతున్నందున తెలుగువారికి ఈ యాత్ర ఇంటి ముందు నుంచే మొదలవుతుంది. రానుపోను ఐదారు వేల కిలోమీటర్ల ప్రయాణమిది. కాగా దారిలో బండిని ఆపివేసే లోపాలలో అధికభాగం చిన్నవే కావడం గమనార్హం. సాగిన చైను, తెగిన వైరు, వదులైన బోల్టు, కాలిన ఫ్యూజు, పంచరైన ట్యూబు వంటివే వీటిలో ఎక్కువ. బయలుదేరడానికి నెల ముందే ఇంటి వరండాలో కూర్చుని చూసుకుంటే నివారించదగినవే ఇవన్నీ.

బుల్లెట్ నేర్పిన విద్య

భారతదేశంలో యజమానే మెకానిక్ కావడమనే సంప్రదాయం చాలావరకు ఒక్క బండితో ముడిపడి ఉంది. అది బుల్లెట్. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1932లో ఈ పేరును వాడుకలోకి తెచ్చింది. మన సైన్యానికి సరిహద్దు గస్తీకి 350 సీసీ బుల్లెట్లు అవసరం కావడంతో 1955లో మద్రాసు మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు శివారులోని తిరువొత్తియూరులో ఉత్పత్తి ప్రారంభమైంది. కాలక్రమంలో రెడిచ్ కర్మాగారం మూతపడినా మద్రాసులో బుల్లెట్ తయారీ ఆగలేదు. 1994లో ఐషర్ సంస్థ ఎన్‌ఫీల్డ్ ఇండియాను తనలో కలుపుకుంది.

ఆనాటి పోత ఇనుము ఇంజన్ యజమానికి ఏదీ దాచేది కాదు. ప్లగ్గు, పాయింట్లు, కార్బురేటరు, ట్యాపెట్లు అన్నీ చేతికి అందే చోటనే ఉండేవి. ట్యాపెట్ సరిచేయడానికి కొలత పరికరం సైతం అక్కరలేదు. ఇంజన్ చల్లారిన తరువాత పుష్‌రాడ్ వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. ఇదే సూత్రం. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక పాత గుడ్డ ఉంటే ఆదివారం ఉదయం పని పూర్తయ్యేది. బండి తరచు మొరాయించేది నిజమే, కానీ ఎందుకు మొరాయించిందో యజమానికి తెలిసేది.

2000 ప్రాంతంలో నెలకు సుమారు రెండు వేల బండ్ల అమ్మకంతో మూసివేత అంచున నిలిచిన ఈ సంస్థ 2024-25లో ఏడాదికి 10 లక్షల అమ్మకాల మైలురాయిని దాటింది. ఈ మధ్యకాలంలో ఇంజన్ రూపురేఖలే మారిపోయాయి. 2008 తరువాత వచ్చిన ఏకఖండ ఇంజన్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు రావడంతో ఆ సర్దుబాటే లేకుండా పోయింది. యాత్రల కోసమే రూపొందించిన 411 సీసీ హిమాలయన్ 2016లో విపణిలోకి వచ్చింది. ఆ తరువాత హోసూరులో తయారైన బీఎండబ్ల్యూ జీ 310 జీఎస్, చకన్‌లో తయారైన కేటీఎం 390 అడ్వెంచర్, హీరో ఎక్స్‌పల్స్ 200 ఈ తరగతిలో చేరాయి. 2023 చివరలో వచ్చిన కొత్త హిమాలయన్‌లో 452 సీసీ ఇంజన్‌ను ద్రవంతో చల్లబరుస్తారు. బండ్లు మెరుగుపడ్డాయి. అదే సమయంలో యజమాని చేతికి అందనివీ పెరిగాయి. అయినప్పటికీ చైను, నూనె, బ్రేకులు, చక్రాలు నేటికీ అతని అధీనంలోనే ఉన్నాయి.

మొదట చైను

సుదూర యాత్రలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కోరేది చైను. ప్రతి 500 కిలోమీటర్లకు ఒకసారి, వర్షంలోనో దుమ్ములోనో ప్రయాణిస్తే అదే రోజు సాయంత్రం దానిని శుభ్రం చేసి నూనె పట్టించాలి. కిరోసిన్‌లో ముంచిన మెత్తని బ్రష్‌తో మురికి వదిలించి, గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత 90 నంబరు గేర్ ఆయిల్ గాని చైను స్ప్రే గాని లోపలి వైపు నుంచి పట్టించడం వాడుకలో ఉన్న పద్ధతి. లింకుల మధ్య రబ్బరు రింగులున్న చైనుకు పెట్రోలు వాడరాదు, ఇనుప తీగల బ్రష్ తగలనీయరాదు. రింగు దెబ్బతింటే లోపలి గ్రీజు బయటకు పోయి చైను ఆయువు తగ్గుతుంది.

బిగువు విషయంలో చాలామంది పొరబడుతుంటారు. వదులుగా ఉంటే ప్రమాదమన్న భయంతో అతిగా బిగిస్తారు. చైను కింది భాగం మధ్యలో పైకీ కిందికీ ఎంత కదలాలో యజమానికిచ్చే పుస్తకంలో మిల్లీమీటర్లలో ఉంటుంది. ఎగుడుదిగుడు దారుల కోసం తయారైన బండ్లలో వెనుక చక్రం ఎక్కువ ఎత్తు లేచి పడుతుంది కాబట్టి మామూలు బండ్ల కంటే కొంత ఎక్కువ వదులు అవసరం. బిగువు ఎక్కువైతే గేర్‌బాక్సు బేరింగు, వెనుక చక్రపు బేరింగు రెండూ దెబ్బతింటాయి. చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటును ఆధారంగా తీసుకోవాలి. స్ప్రాకెట్ పళ్లు కొక్కెం ఆకారంలోకి వంగితే చైనును, రెండు స్ప్రాకెట్లను కలిపి మార్చవలసిందే. కొత్త చైనును పాత పళ్ల మీద వేస్తే కొద్ది నెలలకే అదీ అరిగిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, ఇంజన్ నడుపుతూ, గేరులో చక్రం తిరుగుతుండగా చైనుకు గుడ్డ పట్టేవారు ఉన్నారు. గుడ్డ చైనులో చిక్కుకుంటే వేళ్లు స్ప్రాకెట్‌లోకి పోతాయి. ఇలా వేళ్లు పోగొట్టుకున్నవారు దేశదేశాల్లో ఉన్నారు. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, చేత్తో చక్రం తిప్పుతూ మాత్రమే ఈ పని చేయాలి. తలుపులు మూసిన గదిలో ఇంజన్ నడపడం కూడా అంతే ప్రమాదకరం. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

కారు నూనె పనికిరాదు

ఇంజన్ ఆయిల్ మార్చడం ఇంటివద్ద సులభంగా చేయదగిన పని. ఇంజన్‌ను కొద్దిసేపు నడిపి గోరువెచ్చగా చేసి, కింది డ్రెయిన్ బోల్టు విప్పి, పాత నూనెను బేసినులోకి పూర్తిగా కారనివ్వాలి. ఫిల్టరును, దాని రబ్బరు రింగును మార్చి, పుస్తకంలో చెప్పిన పరిమాణంలో కొత్త నూనె పోయాలి. అనేక రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లకు 15డబ్ల్యూ-50 రకం నిర్దేశించారు.

నూనె ఎన్నికలో డబ్బామీది మరో గుర్తును చూడాలి. అది జాసో ఎంఏ. మోటార్‌సైకిళ్లలో క్లచ్ పళ్లేలు ఇంజన్ నూనెలోనే మునిగి ఉంటాయి. కార్ల కోసం తయారైన కొన్ని నూనెల్లో రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. అది కారుకు మేలు, క్లచ్‌కు చేటు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజన్ శబ్దం పెరిగినా బండి కదలకపోవడానికి ఇటువంటి నూనె కారణం కావచ్చు.

డ్రెయిన్ బోల్టును బలమంతా పెట్టి బిగించడం మరో సాధారణ తప్పిదం. బోల్టు ఉక్కు, దానిని పట్టుకునే మర అల్యూమినియం. మర చెదిరితే 100 రూపాయల పని వేల రూపాయలకు చేరుతుంది. ఎంత బలంతో బిగించాలో కొలిచి చూపే టార్క్ పానా ఒకటి కొనడం మొదటి పొదుపు అని అనుభవజ్ఞులు చెబుతారు. తీసిన పాత నూనెను మురుగుకాలువలో పోయరాదు. దానిని ప్రమాదకర వ్యర్థంగా 2016 నాటి నిబంధనలు పరిగణిస్తున్నాయి. డబ్బాలో భద్రపరచి సేకరణదారుకు అప్పగించాలి.

బ్రేకులు, చక్రాలు

డిస్కు బ్రేకులోని ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన కొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు గంటసేపు బ్రేకు పట్టి ఉంచితే ఆవిరి బుడగలు ఏర్పడి లివరు మెత్తబడుతుంది. అందువల్ల రెండేళ్లకు ఒకసారి ఈ ద్రవాన్ని మార్చడం తప్పనిసరి. పెయింటుపై పడితే పాడుచేస్తుంది, వెంటనే నీటితో కడగాలి. 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. ఏబీఎస్ ఉన్న బండిలో గాలి చేరితే దానిని బయటకు తీయడానికి ప్రత్యేక పరికరం అవసరం కావచ్చు. తగిన అనుభవం లేనివారు ఈ పనికి మెకానిక్ వద్దకు వెళ్లడమే మంచిది. బ్రేకు విషయంలో ప్రయోగాలు కూడవు.

చువ్వల చక్రాలున్న బండ్లలో ఒక్కొక్క చువ్వను చిన్న పానాతో తట్టి చూడాలి. అన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. మందంగా మోగినది వదులైనదని గుర్తు. హిమాలయన్ 411 ముందు చక్రం 21 అంగుళాలు, వెనుకది 17 అంగుళాలు. ట్యూబు టైర్లు. 21 అంగుళాల ట్యూబు పల్లెల్లోని పంచరు దుకాణాల్లో దొరకడం కష్టం కాబట్టి వెంట తీసుకుపోవాలి. అత్యవసరంలో దానినే మడిచి వెనుక టైరులో తాత్కాలికంగా వాడుకునేవారున్నారు. బయలుదేరే ముందు ఇంటివద్ద ఒక్కసారైనా చక్రం విప్పి, టైరు తీసి, మళ్లీ ఎక్కించి చూడాలి. రోడ్డు పక్కన మొదటిసారి నేర్చుకోవలసిన విద్య కాదిది.

పాత యాత్రికుల చిట్కా మరొకటి ఉంది. కొత్త క్లచ్ వైరును పాతదాని పక్కనే ట్యాంకు కింద నుంచి పరిచి, రెండు కొసలకూ ప్లాస్టిక్ చుట్టి కట్టి ఉంచుతారు. పాతది తెగితే కొసలు రెండూ తగిలించడమే మిగిలిన పని. చలిలో, గడ్డకట్టిన వేళ్లతో ట్యాంకు విప్పే బాధ తప్పుతుంది.

ఎత్తుకు పోతే ఊపిరి తక్కువ

ఖార్దుంగ్ లా వద్ద 18,380 అడుగులని బోర్డు ప్రకటించినా వాస్తవ ఎత్తు 17,582 అడుగులని కొలతల్లో తేలింది. ఏది ఏమైనా అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు సగమే. కార్బురేటరు ఈ తేడాను గుర్తించలేదు. పెట్రోలు పాలు ఎక్కువై ఇంజన్ నల్లటి పొగ చిమ్ముతుంది, ప్లగ్గు మసిబారుతుంది. ఇంజెక్షన్ బండ్లలో గాలి ఒత్తిడిని కొలిచే సెన్సరు పెట్రోలును తానే తగ్గిస్తుంది. అయితే రెండింటిలోనూ శక్తి తగ్గక తప్పదు. ప్రాణవాయువు లేనిదే మంట లేదు. శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, అనవసర సామాను తగ్గించడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఇంజెక్షన్ బండి పడిపోతే ఇంజన్‌ను ఆపివేసే సెన్సరు ఒకటి ఉంటుంది. లేపిన తరువాత తాళం ఆపి మళ్లీ తిప్పనిదే చాలా బండ్లు స్టార్టు కావు. సైడ్ స్టాండు స్విచ్‌లో బురద చేరినా అంతే. ఈ రెండు సంగతులు తెలియక బండిని లారీకెక్కించినవారు లేకపోలేదు.

హంగులకు హద్దు

యాత్ర అనగానే అదనపు దీపాలు, సామాను పెట్టెలు, గార్డులు, ఫోను చార్జరు బిగించాలన్న ఉత్సాహం కలుగుతుంది. ఢిల్లీలోని కరోల్ బాగ్, చెన్నైలోని పుదుపేట వంటి బజార్లు ఈ హంగులకు ప్రసిద్ధి. ముందుగా లెక్క వేసుకోవాలి. 60 వాట్ల దీపాల జంట 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 ఆంపియర్లు లాగుతుంది. స్విచ్‌కే నేరుగా కలిపితే వైరు వేడెక్కి కరుగుతుంది. బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగి, మధ్యలో ఫ్యూజు, రిలే పెట్టాలి. అసలు వైరింగును కోసి అతుకులు వేస్తే వారంటీ పోయే ప్రమాదముంది. సామాను బరువు వెనుక క్యారియరు చివర కాక, వీలైనంత కిందికీ మధ్యకూ చేర్చాలి. లేనిచో ముందు చక్రం తేలికై మలుపుల్లో అదుపు తప్పుతుంది. మార్పులు ఒక్కొక్కటిగా చేసి, ఒక్కొక్కదాని తరువాత నడిపి చూడాలి. ఐదు మార్పులు ఒకేసారి చేస్తే లోపం ఎక్కడుందో కనిపెట్టడం అసాధ్యం.

ఇదిలా ఉండగా చట్టం గీసిన గీత కూడా ఉంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించవలసిందేనని తీర్పు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సైలెన్సరు మార్చేవారికి ఇది ప్రత్యేకించి వర్తిస్తుంది. 175 సీసీ దాటిన ద్విచక్రవాహనానికి తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. మార్పుల సంగతి బీమా సంస్థకు తెలియజేయకపోతే ప్రమాద సమయంలో పరిహారం చిక్కుల్లో పడవచ్చు.

మరమ్మతు ఎవరి హక్కు?

2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 ప్రమాణాలు వచ్చిన తరువాత ఇంజన్ లోపాలను కంప్యూటరే నమోదు చేస్తోంది. డయల్‌పై పసుపు దీపం వెలిగితే దాని అర్థం చెప్పగల స్కానరు కావాలి. అది లేని వీధి మెకానిక్, ఇంట్లో పానా పట్టిన యజమాని ఒకే స్థితిలో ఉన్నారు. బండి తమదే, అయినా దాని భాష తెలియదు.

కార్ల విషయంలో ఈ వివాదం ముందే తలెత్తింది. విడిభాగాలను, పరీక్షా పరికరాలను స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల సంస్థలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దానిపై అప్పీళ్లు నడిచాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీని నియమించింది. వాహనాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలు దాని పరిధిలోకి వచ్చాయి. మరమ్మతు వివరాలను ప్రజలకు అందుబాటులో ఉంచడానికి ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభమైంది. బారాలాచాపై చిక్కుకున్న యాత్రికునికి ఇది సిద్ధాంత చర్చ కాదు. అతనికి ఆ పసుపు దీపం అర్థం ఇక్కడే, ఇప్పుడే తెలియాలి.

పన్ను పోటు

ఇంటివద్ద సంరక్షణకు ఆర్థిక కోణమూ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న మోటార్‌సైకిళ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆపై బండ్లకు సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్న పన్ను 40 శాతమైంది. అంటే 349 సీసీ బుల్లెట్ చౌకైతే, 452 సీసీ హిమాలయన్ వంటి యాత్రా వాహనాలపై భారం పెరిగింది. అదే సమయంలో వాహన విడిభాగాలన్నిటిపై పన్నును ఏకరీతిగా 18 శాతానికి తెచ్చారు. పెద్ద బండిని మార్చి కొత్తది కొనడం కంటే ఉన్నదానికి చైను, టైర్లు, బేరింగులు మార్చి మరి కొన్నేళ్లు నడుపుకోవడమే లాభసాటి అన్న లెక్కకు ఇది బలం చేకూర్చింది.

పాత బండి యజమానులు ఇంధనం సంగతీ గమనించాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా వచ్చింది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, ఆ మిశ్రమానికి రూపొందించని పాత రబ్బరు గొట్టాలను క్రమంగా చెడగొట్టవచ్చు. కార్బురేటరు బండ్లలో పెట్రోలు గొట్టాన్ని, రబ్బరు వాషర్లను ఏడాదికోసారి పరిశీలించి, బీటలు కనిపిస్తే మార్చాలి. నెలల తరబడి నిలిపి ఉంచేటట్లయితే కార్బురేటరులోని పెట్రోలు తీసివేయాలి.

అన్ని పనులూ ఇంట్లో చేయదగినవి కావు. గేర్‌బాక్సు, క్రాంకు, ఏబీఎస్, ఇంజెక్షన్ వ్యవస్థ అనుభవజ్ఞుల చేతుల్లో ఉండవలసినవి. తన హద్దు తెలుసుకోవడం కూడా మంచి మెకానిక్ లక్షణమే. పనులన్నీ ముగిసిన తరువాత సామానంతా ఎక్కించి, ఇంటికి వంద కిలోమీటర్ల పరిధిలో ఒక ఘాట్ రోడ్డు ఎక్కి దిగి రావాలి. తిరిగి వచ్చాక ప్రతి బోల్టునూ మరోసారి పానాతో తాకి చూడాలి. వదులయ్యేవి ఆ మొదటి రోజే వదులవుతాయి. అవి ఇంటి వరండాలో బయటపడితే పావుగంట పని. అదే బారాలాచాపై బయటపడితే ఒక రాత్రి చలి.